బూట్ల మీద మనసు బొమ్మలు



పోయిన ఏడాది ఉగాదికి మా మేనల్లుడు బెంగుళూరు నుంచి హిందూపురం వచ్చాడు. అక్కడ ఇంజనీరింగు చదువుతున్నాడు. గడప దగ్గర విడిచిన బూట్లు చూసి మా అమ్మ, 'ఇదేందిరా, కాళ్లకేసుకునే వాటి మీద బొమ్మలు!' అంది. తెల్లటి కాన్వాసు బూట్లు. ఇప్పటి పిల్లలు వాటిని స్నీకర్లు అంటారు. ఎడమ బూటు మీద పచ్చని శనక్కాయ చేను, ఒక ఆవు, ఎండ. కుడి బూటు మీద బూడిద రంగు గీతలు, మధ్యలో మూసిన కిటికీ. అంతే.

నేనేం చేశానో దాచకుండా చెబుతాను. బూట్లకెంత, రంగులకెంత అని లెక్క అడిగి చీవాట్లు పెట్టాను. వాడు మారు మాట్లాడలేదు.

రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు మళ్లీ అడిగాను, ఈసారి కాస్త మెల్లగా. 'మామా, ఎడమది మీరు ఫోన్ చేసినప్పుడు నేను చెప్పేది. కుడిది ఫోన్ పెట్టేసినాక ఉండేది' అన్నాడు. మూడు నెలలుగా వాడికి సరిగా నిద్ర లేదట. పుస్తకం తెరిస్తే అక్షరం పట్టదట. ఈ సంగతి ఈరోజు మీ ముందు చెప్పడానికి వాడే ఒప్పుకున్నాడు. పేరు మాత్రం వద్దన్నాడు.

బూట్లకు రంగులు వేసే ఈ పని బెంగుళూరు కుర్రకారులో బాగా వ్యాపించింది. కాన్వాసు అయితే నేరుగా వేయవచ్చు. తోలు బూటు అయితే ఫ్యాక్టరీలో పూసిన మెరుగును అసిటోనుతో తుడిచెయ్యాలి, లేకపోతే రంగు పట్టదు. అక్రిలిక్ రంగును పలచగా, పొర ఆరాక పొర వేస్తారు. తొందరపడి మందంగా వేస్తే వేళ్ల దగ్గర బూటు మడత పడే చోట పెచ్చులు లేస్తుంది. మా వాడి కాలేజీలో ఒకమ్మాయి కావాలనే అక్కడ మందంగా రంగు వేసిందట. నిలబడి ఉన్నంతసేపు బూటు నిగనిగలాడుతుంది. నాలుగడుగులు నడిస్తే పగులు కనబడుతుంది. ఆ పిల్ల చెప్పదలచుకున్నది అదే. ఇంకొందరు మడమ మీద సెమీకోలన్ గుర్తు గీస్తారు. వాక్యాన్ని ముగించగలిగి కూడా ముగించకుండా కొనసాగించే చోట పెట్టే గుర్తు అది. 2013లో అమెరికాలో మొదలైన ఒక ఉద్యమం దాన్ని బతుకు మీద ఆశకు చిహ్నంగా వాడుకలోకి తెచ్చింది.

తోలు మీద బొమ్మ మన ప్రాంతానికి కొత్తా చెప్పండి? ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలు మీద రామరావణులను గీసి, దీపం ముందు ఆడించే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ తోలుబొమ్మ వెనక దీపం పెడితేనే రంగులు పలుకుతాయి. బూటు బొమ్మకు దీపం అక్కర్లేదు, ఎవరైనా 'ఇదేమిటి?' అని అడిగితే చాలు. నోటితో మొదలుపెట్టలేని మాట అక్కడ మొదలవుతుంది.

అమెరికాలో పోర్ట్‌లండ్ నగరంలో డోర్న్‌బెకర్ అనే పిల్లల ఆసుపత్రి ఉంది. అక్కడ చికిత్స పొందిన పిల్లల చేత నైకీ కంపెనీ ఇరవై ఏళ్లకు పైగా బూట్ల నమూనాలు గీయిస్తూ వచ్చింది. తమ జబ్బు కథనే పిల్లలు బూటు మీదికి ఎక్కిస్తారు. అమ్మకాల సొమ్ము ఆసుపత్రికి పోతుంది. అది మంచి పనే. కానీ బాధను ముద్రగా వేసి ఎక్కువ ధరకు అమ్ముకునే దుకాణాలు కూడా ఉన్నాయి చూడండి, అవి నాకు అంతగా నచ్చవు.

ఇంకొక మాట. బొమ్మ మందు కాదు. పండుగ వెళ్లిన మూడో రోజే పొద్దుటి రైలుకు ఇద్దరం బెంగుళూరు వెళ్లాం, హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌కు. తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని గేటు దగ్గర తల దించుకున్నది నేను, వాడు కాదు. మా చిన్నతనంలో ఆ చోటును ఊళ్లలో ఏమని పిలిచేవారో మీకూ తెలుసు. 1847లో బెంగుళూరులో మొదలైన పిచ్చాసుపత్రికి వారసురాలు ఈ సంస్థ. 1974లో పరిశోధన, శిక్షణ కలిపి నిమ్హాన్స్ అయింది. మన పొరుగు బళ్లారి జిల్లాలో 1980ల్లో ఈ సంస్థ వాళ్లే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి మనోవ్యాధుల చికిత్స నేర్పించారు. దాని ఆధారంగానే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలైంది.

అదే నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో సర్వే చేసింది. పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. జబ్బును బట్టి వారిలో నూటికి 70 నుంచి 92 మందికి చికిత్సే అందడం లేదు. డాక్టర్లు చాలకపోవడం ఒక కారణం. నాలాగా గేటు దగ్గర తల దించుకోవడం ఇంకొక కారణం.

మా వాడికి కొన్నాళ్లు మందులు ఇచ్చారు, వారం వారం కూర్చోబెట్టి మాట్లాడారు. నిద్ర మెల్లగా దారికొచ్చింది. ఒక సెమిస్టరు పోయింది, పోనీ అనుకున్నాం. అంతదూరం వెళ్లలేనివారికి 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలిమానస్ అనే ఫోన్ సేవ ప్రారంభించింది. నంబరు 14416. ఖర్చు లేదు, రాత్రయినా పగలైనా తెలుగులోనే మాట్లాడవచ్చు. కాగితం, కలం దగ్గరుంటే రాసుకోండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.

ఆ బూట్లు ఇప్పుడు మా అమ్మ మంచం కింద ఉన్నాయి. వేసుకుంటే రంగు పోతుందని ఆమే దాచింది. ఇంటికి ఎవరొచ్చినా తీసి చూపిస్తుంది. కుడి బూటు గురించి అడిగితే, 'వాడికప్పుడు మనసు బాగాలేదు, ఆసుపత్రిలో చూపించినాం' అని జ్వరం సంగతి చెప్పినట్టే చెబుతుంది. ఎడమ బూటు మీద మాత్రం ఆమెకొక ఫిర్యాదు ఉంది. శనక్కాయ పూలు పచ్చగా, పసుపు రంగులో ఉంటాయట. పట్నంలో చదివే మనవడు తెల్లగా వేశాడట.