బొమ్మల ముందు నిలబడిన రోజు

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, అప్పుల వసూళ్లు నివేదికలో ఉన్నాయి. వాటిని మళ్లీ చదివి మీ సమయం తీసుకోము. ఈ ఏడాది మేము లెక్కల్లోకి రాని పని ఒకటి చేశాము. జిల్లా కేంద్రంలోని సాంస్కృతిక కేంద్రంలో బొమ్మల ప్రదర్శన పెట్టారని తెలిసి పదకొండు మందిమి పోయి చూసి వచ్చాము. బస్సులో జీరో టికెట్, చేతిలో సద్దిడబ్బా. "బొమ్మలు చూస్తే ఏమొస్తది?" అని అందరి ఇండ్లల్లో అడిగారు. ఏమొచ్చిందో చెప్పుదామనే ఇక్కడ నిలబడ్డాము.

మొదట చేర్యాల పటాలు చూశాము. ఎర్రటి నేల మీద వరుసలు వరుసలుగా కథ అంతా ఉన్నది. ఖద్దరు బట్టకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసి ఆరబెట్టి, ఆ మీద నకాషీ కళాకారులు బొమ్మలు వేస్తారట. మాలో పెద్దవాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. పటం కథలోళ్లు ఊరికి వచ్చి, ఒక్కో వరుస విప్పుతూ రాత్రంతా కథ చెప్పేది వాళ్లకు యాదికి వచ్చింది. అప్పటిదాకా గోడ పక్కన భయంగా నడిచినోళ్లు, అక్కడినుంచి ధైర్యంగా నడిచారు.

తర్వాత సిద్దిపేటలో 1925లో పుట్టిన కాపు రాజయ్య గారి బొమ్మలు. బోనాలు, బతుకమ్మ, పల్లెల్లో పనిపాటలు. "ఇది మన వాడకట్టే" అన్నది ఒక చెల్లె.

చివరి గదిలో తోట వైకుంఠం గారి బొమ్మల అచ్చు కాపీలు పెట్టారు. ఆయన 1942లో పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. చిన్నప్పుడు ఊర్లో చూసిన ఆడవాళ్లు, కన్నతల్లి, వీళ్లే తన బొమ్మలకు మూలమని చెప్పుకున్నారు. చామనఛాయ, నల్లటి ఆడవాళ్లు. ఒంటి నిండా నగలు, ఎర్రచీర, పచ్చచీర, నొసట రూపాయి బిళ్లంత బొట్టు.

"వీళ్లకు పనీపాటా లేనట్టున్నది" అన్నది ఒకామె.

"పని ఒడిసినంక కూర్చున్నరేమో" అన్నది ఇంకొకామె.

"మెడల ఉన్నయి చూడు. మనయి బ్యాంకుల ఉన్నయి" అని మూడో ఆమె అంటే అందరం నవ్వాము. బిడ్డలకు తెల్లబడే క్రీములు కొనిచ్చే మేము, ఆ నల్లటి ముఖాలను చూసి ఎంత సక్కగున్నరు అనుకున్నాము.

ఒక అక్క మాత్రం నవ్వలేదు. ఆమె భర్త పోయి ఆరేండ్లయింది. పెద్ద బొట్టు పెట్టుకుని ఒక్కతే కూర్చున్న ఒక బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డది. అక్కడ పని చేసే పిల్లగాడిని పిలిచి అడిగింది: "బిడ్డా, ఈమెకు పెనిమిటి ఉన్నడా?"

ఆ పిల్లగాడు తికమకపడ్డాడు. "తెల్వదమ్మా. బొమ్మల ఆమె ఒక్కతే ఉన్నది" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఎవరమూ పెద్దగా మాట్లాడలేదు. ఎందుకో చెప్తాము. ఆ అక్క మా సంఘం పుస్తకాలు రాస్తది. మా సంఘం ఒక్క కిస్తీ తప్పలేదంటే ఆమె వల్లనే. బ్యాంకు కాగితాల మీద ఆమె సంతకం ముందు కావాలె. కానీ మా సమావేశాల్లో పసుపు కుంకుమ పళ్లెం తిప్పినప్పుడు ఆమె దగ్గరికి వచ్చేసరికి పళ్లెం పక్కకు జరిగేది. ఆరేండ్లు అట్లనే జరిగింది. జరిపింది వేరే ఎవరో కాదు, మేమే. ఆమె ఏనాడూ అడగలేదు గనుక ఆమెకు బాధ లేదనుకున్నాము. పిల్లగాడిని అడిగిన ఆ మాట మమ్మల్ని అడగవలసిన మాట.

తర్వాతి సమావేశంలో ఈ విషయం ఎజెండాలో పెట్టాము. సులువుగా కాలేదు. "ఇంట్ల అత్తకు తెలిస్తే ఊకోదు" అని ఇద్దరు చేయి ఎత్తలేదు. వాళ్లను తప్పుపట్టలేము. మిగిలిన వాళ్లం తీర్మానం రాసుకున్నాము: పళ్లెం అందరి ముందుకూ పోవాలె, తీసుకునుడు, తీసుకోకపోవుడు ఎవరిష్టం వాళ్లది. ఆ తీర్మానాన్ని మినిట్స్ పుస్తకంలో రాసింది కూడా ఆ అక్కే. రాసేటప్పుడు చేయి కొంచెం వణికింది.

ఆ రోజు పళ్లెం ఆమె ముందు ఆగితే పసుపు తీసుకున్నది, కుంకుమ తీసుకోలేదు. మేము బలవంతపెట్టలేదు. మూడో నెలలో చిన్న చుక్క పెట్టుకున్నది. ఇంటికి పోయేటప్పుడు తుడుచుకుని పోయింది. ఇప్పటికి అంతవరకే. ఇంతకన్నా గొప్పగా చెప్పుకుంటే అబద్ధమవుతది.

అక్కలారా, మన అన్ని సంఘాల్లోనూ ఇట్లాంటి అక్కలున్నారు. అప్పు ఇచ్చేటప్పుడు భర్త ఉన్నడా, లేడా అని మనం చూడము, కిస్తీ కడుతదా అని చూస్తాము. బొట్టు దగ్గర మాత్రం ఎందుకు చూస్తున్నాము? వచ్చే నెల మీ సమావేశంలో పళ్లెం ఎవరి దగ్గర పక్కకు జరుగుతున్నదో ఒక్కసారి చూడండి. బొమ్మలు చూసి మేము తెచ్చుకున్నది ఇదే.