తెగే తీగే ఇంటికి కాపలా



ఈ రోజు ముచ్చట ఫ్యూజు గురించి. చూడడానికి అది చిన్న వస్తువు. పింగాణి ముక్క, దానిలో వెంట్రుక లాంటి తీగ. అంతే. కాని దాని సంగతి తెలియకపోతే ఇల్లు కాలుతుంది. మనిషి ప్రాణం కూడా పోతుంది.

ముందు ఇళ్ళలోకి కరెంటు ఎలా వచ్చిందో చూద్దాం. పాల్వంచలో కరెంటు తయారుచేసే కేంద్రం 1966లో మొదలైంది. సింగరేణి బొగ్గుతో నడిచింది. ఆనాటి పాత యూనిట్లు ఇప్పుడు మూతపడ్డాయి. తర్వాత కట్టినవి నడుస్తున్నాయి. కరెంటు పక్కనే పుట్టినా, అడవిలోని గూడేలకు చేరడానికి ఏళ్ళు పట్టింది. 1988-89లో కేంద్ర ప్రభుత్వం కుటీర జ్యోతి అనే పథకం పెట్టింది. పేదల ఇంటికి ఒక్క బల్బు కనెక్షన్ ఇవ్వడం దాని పని.

ఒక్క బల్బు అంటే 40 వాట్లు, లేదా 60 వాట్లు. దానికి సన్న వైరు చాలు. అప్పట్లో చాలా ఇళ్ళలో చెక్క పట్టీలు కొట్టి, వాటి మీద వైరు లాగారు. తర్వాత ఫ్యాను వచ్చింది. టీవీ వచ్చింది. మిక్సీ, ఇస్త్రీ పెట్టె, రైస్ కుక్కర్ వచ్చాయి. నీళ్ళు కాచుకునే హీటరు కడ్డీ వచ్చింది. సామాను పెరిగింది. వైరు మాత్రం అదే పాత వైరు. కాలిబాట మీద లారీ నడిపినట్టుంది పని.

వైరులో కరెంటు పారితే వేడి పుడుతుంది. తక్కువ పారితే తక్కువ వేడి. మోయలేనంత పారితే వైరు కాగిపోతుంది. మీది తొడుగు కరుగుతుంది. నిప్పు అంటుకుంటుంది. అలా కాకుండా దారిలో ఒకచోట కావాలనే సన్న తీగ పెడతారు. అదే ఫ్యూజు. కరెంటు ఎక్కువైతే గోడలోని వైరు కన్నా ముందు ఈ తీగ కరిగి తెగుతుంది. ఇల్లు చీకటవుతుంది. కాని ఇల్లు నిలుస్తుంది.

కాబట్టి ఫ్యూజు పోయిందంటే విసుక్కోకూడదు. అది మనకు ఒక మాట చెబుతోంది. ఆ మాట వినాలి.

ఒక ఇల్లు అనుకుందాం. తడక గోడలు, తాటాకు కప్పు. ఇంట్లో అత్త, పెద్దకొడుకు, కోడలు, చిన్నకొడుకు ఉంటారు. చలికాలం. పొద్దున్నే కోడలు బకెట్‌లో హీటరు కడ్డీ పెట్టింది. రైస్ కుక్కర్ పెట్టింది. మరిది వచ్చి ఇస్త్రీ పెట్టె పెట్టాడు. టప్ మని చప్పుడు. ఫ్యూజు పోయింది.

మరిది గబగబా పోయి ఇల్లు కట్టినప్పుడు మిగిలిన బైండింగు తీగ తెచ్చాడు. రెండు వరసలు మెలిపెట్టి ఫ్యూజులో చుట్టాడు. "ఇక తెగదు వదినా, గట్టి తీగ పెట్టిన" అన్నాడు. నిజమే. తీగ తెగలేదు. అన్నీ మళ్ళీ నడిచాయి.

కాసేపటికి ఏదో కాలిన వాసన వచ్చింది. అత్త తల ఎత్తి చూసింది. దూలం వెంట పోయే వైరు నుంచి సన్నగా పొగ వస్తోంది. మీది తొడుగు కారుతోంది. తాటాకు జానెడు దూరంలో ఉంది. ఆమె పరుగున పోయి మెయిన్ స్విచ్చి దించింది.

"ఒరే చిన్నోడా! ఫ్యూజు తెగితే చీకటి. తెగకుంటే నిప్పు. నీకేది కావాల్రా?" అంది.

మరిది నోరు మెదపలేదు.

అక్కడ ఏం జరిగిందో లెక్క వేద్దాం. ప్రతి సామాను మీద వాట్లు రాసి ఉంటాయి. హీటరు కడ్డీ 1500, ఇస్త్రీ పెట్టె 1000, రైస్ కుక్కర్ 700. మొత్తం 3200 వాట్లు. మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు. 3200ను 230తో భాగిస్తే దాదాపు 14 వస్తుంది. అంటే 14 ఆంపియర్ల కరెంటు. ఆ దీపాల లైనుకు ఉన్నది 5 ఆంపియర్ల ఫ్యూజు. 5 మోసే చోట 14 పెడితే తెగదా మరి?

ఆ అత్త రాత్రి బడిలో కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. ముందు మిస్త్రీని పిలిచి కాలిన వైరు మార్పించింది. తర్వాత ఫ్యూజు తీగ కోసం దుకాణానికి పోయింది. దుకాణదారు ఒక అట్ట ఇచ్చాడు. "ఇది తీసుకో పెద్దమ్మా, మళ్ళీ మళ్ళీ తెగదు" అన్నాడు. ఆమె అట్టను వెలుతురులో పెట్టి చూసింది. 15 అని ఉంది.

"ఇది పదిహేను నాయనా. మా దీపాల లైనుకు ఐదుది ఇవ్వు" అంది.

చదువు అంటే ఇదే. ఒక్క అంకె చదవడం వచ్చింది, ఇల్లు దక్కింది.

ఇప్పుడు ఫ్యూజు కట్టే పద్ధతి తెలుసుకుందాం.

మొదట మెయిన్ స్విచ్చి దించాలి. ఇంట్లో అన్ని స్విచ్చులూ ఆపాలి. ప్లగ్గులు పీకాలి. చేతులు పొడిగా తుడుచుకోవాలి. చెప్పులు వేసుకుని పొడి చెక్క మీద నిలబడాలి. కరెంటు లేదు కదా అని తడి నేల మీద నిలబడకూడదు.

తర్వాత పింగాణి ముక్కను బయటికి లాగాలి. మిస్త్రీలు దాన్ని కిట్‌కాట్ అంటారు. అది పగిలి ఉంటే కొత్తది వేయించాలి. లోపల చూడాలి. తీగ మెల్లగా కరిగి తెగితే సామాను ఎక్కువైందని గుర్తు. పింగాణి మీద నల్లగా మసి చిమ్మి ఉంటే ఎక్కడో రెండు వైర్లు కలిశాయని గుర్తు. కారణం తెలియకుండా కొత్త తీగ కట్టకూడదు.

పాత ముక్కలు తీసేయాలి. సరైన అంకె గల తీగ ఒక్క పోగే వేయాలి. రెండు కొసలూ మరల కింద చుట్టి బిగించాలి. తీగను మరీ లాగి పట్టకూడదు. మరీ వదులుగా ఉంచకూడదు. మిగిలిన కొసలు కత్తిరించాలి. పింగాణి ముక్కను దాని చోట గట్టిగా నొక్కాలి. అప్పుడు మెయిన్ వేయాలి.

సామాన్లు ఒక్కొక్కటే వేసి చూడాలి. ఏది వేస్తే ఫ్యూజు పోతుందో దానిలోనే దోషం. అన్నీ ఆపి ఉన్నా పోతే దోషం వైరింగులో ఉంది. మిస్త్రీ రావలసిందే.

హీటరు, ఇస్త్రీ పెట్టె కావాలంటే వాటికి వేరే లావు వైరు లాగించాలి. మూడు కాళ్ళ ప్లగ్గు, ఎర్తు ఉండాలి. ఆ లైనుకు 15 ఆంపియర్ల ఫ్యూజు వేరుగా పెట్టించాలి. సన్న వైరు అలాగే ఉంచి ఫ్యూజు తీగ మాత్రం లావుది వేయడం తప్పు. సిగరెట్టు కాగితం, బైండింగు తీగ, సైకిలు పుల్ల, ఇవేవీ ఫ్యూజులు కావు.

ఇంకొక మాట. ఫ్యూజు ఇంటిని కాపాడుతుంది. మనిషిని షాకు నుంచి కాపాడలేదు. ఫ్యూజు తెగడానికి కొన్ని ఆంపియర్లు కావాలి. మనిషి ప్రాణం తీయడానికి ఒక ఆంపియరులో పదో వంతు కూడా చాలు. అందుకే షాకు తగలగానే కరెంటు ఆపే పెట్టె వేరుగా దొరుకుతుంది. దాన్ని ఆర్.సి.సి.బి. అంటారు. 30 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉన్నది ఇంటికి మంచిది. కొత్త ఇళ్ళలో ఫ్యూజు బదులు ఎం.సి.బి. పెడుతున్నారు. దాని పుల్ల పడిపోతే మళ్ళీ ఎత్తితే చాలు. కాని అది పదే పదే పడిపోతుంటే అదీ మాట చెబుతున్నట్టే.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరన. మనం ముట్టవలసింది మెయిన్ స్విచ్చి తర్వాత ఉన్న ఇంటి ఫ్యూజునే. మీటరు ముందున్న ఫ్యూజు, స్తంభం మీది ఫ్యూజు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఫ్యూజు మనవి కావు. గాలివాన వచ్చి గూడెమంతా చీకటైతే, "ఏముంది, నేనే వేస్తా" అని ఎవరో కర్ర పట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోతారు. అక్కడ వచ్చేది 11,000 వోల్టులు. రెండోసారి ఆలోచించే సమయం ఉండదు. అలా పోతున్న మనిషిని చెయ్యి పట్టి ఆపండి. 1912 నంబరుకు ఫోను చేయండి. లైన్‌మన్ వచ్చేదాకా దీపం పెట్టుకోండి. ఒక రాత్రి చీకటి వల్ల ఎవరూ చావరు.

ఇంటికి పోయాక పగటిపూట ఒక పని చేయండి. మెయిన్ దించి, ఫ్యూజు లాగి చూడండి. లోపల ఏ తీగ ఉందో చూడండి. లావు తీగ ఉంటే తీసేసి సరైనది వేయించండి. పక్కింట్లో చదువు రానివాళ్ళుంటే వాళ్ళ ఫ్యూజు తీగ అట్ట మీది అంకె మీరే చదివి చెప్పండి.