ఎద్దు పుఱ్ఱెను శుభ్రపఱచి నిలుపు విధము



పశువుల సంతలో ఎద్దును బేరమాడువాడు మొదట దాని నోరు తెఱచి పండ్లు చూచును. రెండు పండ్లదా, నాలుగు పండ్లదా, కడపండ్లు వేసినదా యని చూచి వయస్సు చెప్పును. మన గోదావరి డెల్టాలోని పెద్దలకు ఇది వెన్నతో బెట్టిన విద్య. ట్రాక్టర్లు వచ్చిన పిదప దుక్కిటెద్దులు తగ్గిపోయినవి. ఎద్దునకు పైదవడను ముందుపండ్లు లేవన్న సంగతియే నేటి బాలురలో పెక్కండ్రకు తెలియదు. కావున వయసు మీఱి మరణించిన యెద్దు పుఱ్ఱె నొకదానిని శుభ్రముచేసి యూరి బడిలో నుంచుట మేలని నా మనవి.

చచ్చిన పశువు నెముకను ముట్టుట యెట్లని కొందఱు సంకోచింతురు. దధీచి మహర్షి యెముకలే వజ్రాయుధమైనవి గదా! సుశ్రుతాచార్యుడును, దేహనిర్మాణము నెఱుగగోరు వైద్యుడు శవమును ముంజగడ్డి మొదలగువానితో చుట్టి, పంజరమున నుంచి, పాఱునీటిలో మఱుగుచోట ఏడు రాత్రులు నాననిచ్చి, పిమ్మట కుంచెతో మెల్లగా నొరయుచు పరీక్షింపవలెనని శారీరస్థానమున విధించెను. తొందరపడక, ప్రకృతిచేతనే పని చేయించుకొనుట యందలి కీలకము.

అయితే మనము పుఱ్ఱెను కాలువలో నానవేయరాదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది మొదలు ఈ కాలువలే మనకు జీవాధారము. ఎన్నియో యూళ్ల మంచినీటి చెఱువులు వానితోనే నిండుచున్నవి. మఱియొక ముఖ్యమైన హెచ్చరిక: హఠాత్తుగా చచ్చి, ముక్కునుండియో గుదమునుండియో గడ్డకట్టని నల్లని రక్తము కాఱిన పశువును కోయనే కోయరాదు. అది దొమ్మవ్యాధి కావచ్చును. ఆ వ్యాధిబీజములు మట్టిలో దశాబ్దములు బ్రతికియుండి మనుష్యులకును సోకును. వెంటనే పశువైద్యునికి తెలిపి, ఆయన చెప్పినట్లు చేయవలెను. పిచ్చికుక్క కఱచి చచ్చిన పశువునైనను, చావునకు కారణము తెలియని పశువునైనను తాకవలదు.

ఇక విధానము. చర్మమును మాంసమును తీసిన తలను సన్నని వలలో చుట్టి, నూతికిని చెఱువునకును దూరముగా, నీరూరని మెరకనేలలో పాతిపెట్టవలెను. వల లేకున్న వదులైన ముందుపండ్లు మట్టిలో కలసిపోవును. ఏడాది గడచిన పిమ్మట త్రవ్వి తీసి, మెత్తని కుంచెతో కడుగవలెను. కొమ్ముల పైతొడుగు లూడివచ్చును. అవి యెముక కావు, గిట్టల వంటి పదార్థము. వానిని వేఱుగా నుంచి యారబెట్టవలెను.

తరువాతిది జిడ్డు తీయుట. తెల్లబఱచుటకు ముందు జిడ్డు పోకున్నచో కొన్ని నెలలకు పసుపుపచ్చని మచ్చలు మరల తేలును. గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమెడి ద్రవపుసబ్బు కలిపి పుఱ్ఱెను నానవేసి, నీరు మురికియైనప్పుడెల్ల మార్చుచుండవలెను. దీనికి వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. త్వరపడి యుడికించిన జిడ్డు ఎముకలోనికే యింకును, పండ్లు పగులును.

తెలుపునకు సున్నమును గాని బ్లీచింగు పౌడరును గాని వాడరాదు. అవి యెముక పట్టును హరించును. పైకి తెల్లనై, పిదప సుద్దవలె పొడియై రాలును. మందుల యంగడిలో దొరకు 3 శాతపు హైడ్రోజన్ పెరాక్సైడును ప్లాస్టిక్ తొట్టిలో పోసి, ఒకటి రెండు దినము లుంచిన చాలును. చేతులకు రబ్బరు తొడుగు లుండవలెను, మూత బిగింపరాదు, పిల్లలను దగ్గఱకు రానీయరాదు. పిమ్మట మంచినీట కడిగి నీడలో నారబెట్టి, ఊడిన పండ్లను జిగురుతో వాని స్థానముల నతికింపవలెను.

అడవిజంతువుల పుఱ్ఱెల జోలికి పోవలదు. మన తీరమునకు కొట్టుకొనివచ్చు సముద్రపు తాబేటి తలనైనను ఇంటికి తెచ్చుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము.

పుఱ్ఱె సిద్ధమైన పిమ్మట అసలు పని పెద్దలైన మీది. పైదవడను 12, క్రిందిదవడను 20, మొత్తము 32 పండ్లను బాలురచే లెక్కింపజేయుడు; మనుష్యునకును అన్నియే గదా యని వారే యాశ్చర్యపడుదురు. పైముందుపండ్లకు బదులు గట్టి చిగురుండెడి చోటును చూపుడు. ముందుపండ్ల యరుగుదల చూపి, ఆ యెద్దు ఎన్నేండ్లు మేసినదో చెప్పుడు. పుఱ్ఱె బల్లపై నిలిచియుండును గాని, దానిని చదువు నేర్పు మీయొద్దనే కలదు. మీరున్నప్పుడే దానిని పిల్లల కందింపుడు.