ఇంజనీరింగ్‌లో పై చదువు: ఏ ద్వారం గుండా ప్రవేశించాలి?



బి.ఇ. పూర్తిచేసిన బిడ్డను ఎం.ఇ. లేక ఎం.టెక్. చదివించవలెనని తలచిన కుటుంబం మొదట అడిగే ప్రశ్న, “ఖర్చెంత?” అనేది. అంతకు ముందు అడగవలసిన ప్రశ్న వేరొకటి ఉన్నది. “ఏ పరీక్ష వ్రాసి చేరుచున్నారు?” అన్నదే ఆ ప్రశ్న. ఒకే కళాశాలలో, ఒకే తరగతిలో కూర్చున్న ఇద్దరిలో ఒకరు నెలనెలా భృతి పొందుతూ చదువవచ్చును. మరొకరు అప్పుచేసి చదువవచ్చును. ఈ భేదానికి కారణం చాలా వరకు వారు ప్రవేశించిన ద్వారమే.

తమిళనాడులో ఈ ద్వారాలు ముఖ్యంగా రెండు. మొదటిది గేట్. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, ఏడు ఐఐటీలు వంతులవారీగా నిర్వహించే జాతీయ పరీక్ష ఇది. వ్యవధి 3 గంటలు, మొత్తం 100 మార్కులు. అందులో 15 మార్కులు సామాన్య ప్రజ్ఞకు సంబంధించినవి. దీని స్కోరు 3 సంవత్సరాలు చెల్లుతుంది. రెండవది సీటా-పిజి. అన్నా విశ్వవిద్యాలయం 2023 నుండి ఎం.ఇ., ఎం.టెక్. ప్రవేశాలకు టాన్‌సెట్ స్థానంలో దీనిని నిర్వహిస్తున్నది. రాష్ట్ర కౌన్సెలింగ్‌లో గేట్ స్కోరునూ స్వీకరిస్తారు. బి.ఇ.లో సాధారణంగా 50 శాతం మార్కులు, రాష్ట్రంలోని రిజర్వేషన్ వర్గాలవారికి 45 శాతం మార్కులు ఉండవలెను.

ఇక భృతి విషయం. గేట్ అర్హతతో, ఏఐసిటిఇ ఆమోదించిన కళాశాలలో, పూర్తికాల కోర్సులో చేరినవారికి నెలకు 12,400 రూపాయల చొప్పున 24 నెలల వరకు ఉపకారవేతనం లభిస్తుంది. మొత్తం 2,97,600 రూపాయలు. సీటా-పిజి మార్కులు మాత్రమే ఉన్నవారికి సీటు దొరుకును గాని ఈ వేతనం దొరకదు. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా చదివేవారికీ ఇది వర్తించదు. కూలిచేసి, సేద్యం చేసి బిడ్డను చదివించే ఇంటికి ఇది స్వల్ప విషయం కాదు.

కనుక నిర్ణయం బి.ఇ. ముగిసిన తరువాత తీసుకొనేది కాదు. మూడవ సంవత్సరం చదువుచున్నవారు కూడా గేట్ వ్రాయవచ్చును. ఆ యేడు ఒకసారి వ్రాసి, చివరి సంవత్సరం మరల వ్రాసినచో రెండు అవకాశాలు దక్కుతాయి. అరియర్ పేపర్లు మిగుల్చుకొన్నవారికి మాత్రం మంచి స్కోరు ఉన్నను, పట్టా చేతికి రానందున సీటు జారిపోయే ప్రమాదం ఉన్నది.

ఈ ప్రాంతపు తెలుగు విద్యార్థులు మరి రెండు విషయాలు గమనింపవలెను. ఇంట తెలుగు, బడిలో తమిళం అలవడిన పిల్లలకు గేట్ ప్రశ్నపత్రం ఆంగ్లంలోనే ఉంటుంది. సామాన్య ప్రజ్ఞ విభాగంలో ఆంగ్ల భాషా ప్రశ్నలు కూడా ఉంటాయి గనుక ప్రతిదినం కొంత ఆంగ్ల పఠనం అవసరం. రెండవది పత్రాల సంగతి. తండ్రి పేరు ఇనీషియల్‌గా ఒకచోట, ఇంటిపేరు మరొకచోట వ్రాయించినందువలన మార్కుల పత్రం, ఆధార్, బ్యాంకు పుస్తకం వేర్వేరు పేర్లు చూపే సందర్భాలు ఉంటాయి. వేతనం ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాకే వచ్చును గనుక పేర్లను ముందుగానే సరిచేయించుకొనవలెను. రాష్ట్రం ఇచ్చే బి.సి., ఎం.బి.సి. ధ్రువపత్రం గేట్‌కు చాలదు. కేంద్ర నమూనాలోని ఓబిసి నాన్-క్రీమీలేయర్ పత్రం వేరుగా పొందవలెను.

చేరినంతనే పట్టా రాదు. పూర్తికాల కోర్సు నాలుగు సెమిస్టర్లు. అన్నా విశ్వవిద్యాలయ పద్ధతిలో మూడవ, నాల్గవ సెమిస్టర్లలో ప్రాజెక్టు రెండు దశలుగా సాగుతుంది. నివేదిక సమర్పించి, మౌఖిక పరీక్షకు నిలువవలెను. 75 శాతం హాజరు నియమం కూడా ఉన్నది. పాఠాలు వల్లెవేసి ఉత్తీర్ణత పొందే అలవాటు ఇచట పనికిరాదు. ఒక సమస్యను తానే ఎన్నుకొని, తానే పరీక్షించి, ఫలితాన్ని సమర్థించుకొనగలగడమే స్నాతకోత్తర విద్యకు అసలైన అర్హత.

దూరం పెద్ద అడ్డంకి కాదు. బొమ్మిడి స్టేషన్ సేలం–జోలార్‌పేట రైలు మార్గంపై ఉన్నది. 1966లో ఆరంభమైన సేలం ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాలలో స్నాతకోత్తర కోర్సులు ఉన్నవి. 1959లో స్థాపితమైన మద్రాసు ఐఐటీ ఉన్న చెన్నైకి కూడా ఈ మార్గంలోనే వెళ్ళవచ్చును. రైలుకు వేళ ఉన్నట్లే దరఖాస్తుకూ వేళ ఉన్నది. గేట్ పరీక్ష ఫిబ్రవరి ప్రాంతంలో జరుగును గాని దరఖాస్తులు అంతకు కొన్ని నెలల ముందే ముగుస్తాయి.

ఇంటిలో బి.ఇ. మూడవ సంవత్సరం చదువుచున్న అబ్బాయిగాని అమ్మాయిగాని ఉన్నచో, నేటి రాత్రి భోజనాల వేళ తల్లిదండ్రులు అడగవలసినది ఒక్కటే: “గేట్‌కు ఎప్పుడు దరఖాస్తు చేస్తావు?”