కడుపు చల్లగా ఉంటే...



పిల్లవాడికి దెబ్బ తగిలితే మనకు కడుపు తరుక్కుపోతుంది. ఎవరైనా ఒక మాటంటే కడుపు రగిలిపోతుంది. రహస్యాన్ని కడుపులో దాచుకుంటాం, హాస్యానికి కడుపుబ్బ నవ్వుతాం. మనసుకు జరిగినదంతా మన పెద్దవాళ్ళు కడుపు మీదికే ఎందుకు తెచ్చారో ఎప్పుడైనా ఆలోచించారా? నేనూ ఆలోచించలేదు, మా అబ్బాయి ఇంటర్ పరీక్షలు రాసిన ఏడాది వరకూ.

పరీక్షలు నాలుగు రోజులున్నాయనగా వాడికి జలుబు, దగ్గు పట్టుకున్నాయి. డాక్టరుగారి దగ్గరికెళితే ఒక పూట చదువు పోతుందని, అంతకుముందు మావారికి రాసిన యాంటీబయాటిక్ మాత్రలు మిగిలి ఉంటే, నేనే వేసేశాను. మూడోనాటికి విరేచనాలు. నీరసం, నిద్రలేమి, విసుగు. పుస్తకం ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మొదటి పరీక్షకు వెళ్ళనేలేకపోయాడు.

డాక్టరుగారు మాత్రల అట్ట చూసి, "ఇలాంటి జలుబు వైరస్ వల్ల వస్తుందమ్మా. దాని మీద ఈ మందు పనిచేయదు. పేగుల్లో ఉన్న మంచి బాక్టీరియాను మాత్రం చంపుతుంది" అన్నారు. నాకు తల తీసేసినట్టయింది. మంచి బాక్టీరియా కూడా ఉంటుందా అనుకున్నాను. తర్వాత అడిగీ, చదివీ తెలుసుకున్నది మీకు చెబుతాను.

మన ఒంట్లో బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు ఉంటాయని 2016లో శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. అన్నీ కలిపి తూచినా పావుకిలోకు మించవు. వీటిలో ఎక్కువ భాగం కాపురం పెద్దపేగులోనే. మనం అరిగించుకోలేని పీచును అవి పులియబెట్టి, పేగు గోడకు ఆహారమయ్యే ఆమ్లాలుగా మారుస్తాయి. చెడ్డ క్రిములకు చోటు దొరకనివ్వవు. మందుల వల్ల ఇవి తగ్గితే అజీర్తి, విరేచనాలు రావడంలో వింతేముంది?

ఇక మనసు మాట. కడుపుకీ మెదడుకీ మధ్య వేగస్ అనే పెద్ద నాడి ఉంది. అందులోని పోగుల్లో ఎక్కువ భాగం కడుపు కబుర్లను మెదడుకు మోసేవేనట! సెరటోనిన్ అనే పదార్థం మన నిద్రకూ, ఉల్లాసానికీ అవసరం. ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో 90 శాతం దాకా పేగుల్లోనే తయారవుతుంది. అది నేరుగా మెదడులోకి వెళ్ళదు గానీ, పేగుల్లోని నాడులను కదిలిస్తుంది. 2004లో జపాన్‌లోని క్యూషు విశ్వవిద్యాలయంవారు అసలు బాక్టీరియానే లేకుండా పెంచిన ఎలుకలు చిన్న ఒత్తిడికే ఎక్కువగా చలించడం చూశారు. చిన్నతనంలోనే ఒక రకం మంచి బాక్టీరియాను ఇస్తే ఆ తేడా సర్దుకుంది.

అలాగని మజ్జిగ తాగితే దిగులు పోతుందని నేననను సుమండీ! ఎలుకల్లో తేలినదంతా మనుషులకు వర్తించదు. ఇంట్లో ఎవరైనా రెండు వారాలు దాటి దిగులుగా, నిద్రాహారాలు లేకుండా ఉంటే డాక్టరుకు చూపించండి. టెలి మానస్ వారి 14416 నంబరుకు ఫోన్ చేసినా తెలుగులోనే మాట్లాడతారు. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

మరి మన చేతిలో ఉన్నదేమిటి? వంటిల్లు. తోటకూర, గోరుచిక్కుడు, జొన్నలు, పొట్టు తీయని పెసలు ఈ బాక్టీరియాకు మంచి మేత. తోడేసిన పెరుగు, పలచని మజ్జిగ రోజూ ఉండనివ్వండి. మజ్జిగపులుసు మరిగిస్తే అందులోని బాక్టీరియా చచ్చిపోతుంది, రుచి మాత్రం మిగులుతుంది. మా అమ్మ రాత్రి అన్నంలో గోరువెచ్చని పాలు పోసి తోడేసేది. పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని తినేవాళ్ళం. మీరూ చేసి చూడండి. వాసన తేడాగా ఉంటే మాత్రం మొహమాటపడకుండా పారేయండి.

యాంటీబయాటిక్ ప్రాణాలు నిలిపే మందే. డాక్టరు రాస్తే, చెప్పినన్నాళ్ళూ వాడాలి. మనంతట మనం మొదలుపెట్టకూడదు, మానకూడదు, ఒకరివి ఇంకొకరికి వేయకూడదు. మావాడు ఆ పేపరు సప్లిమెంటరీలో రాసి గట్టెక్కాడు. కానీ ఆ పరీక్ష తప్పింది వాడు కాదు, నేను.

అందుకే ఇవాళ వంట పని అయ్యాక మీ మందుల డబ్బా ఒక్కసారి తెరిచి చూడండి. మిగిలిన మాత్రలుంటే తీసేయండి. మీ అందరి కడుపులూ చల్లగా ఉండాలి. సెలవు.