వార్మర్ లైటు కొనే ముందు

(సమాఖ్య సర్వసభ్య సమావేశంలో క్యాంటీన్ సంఘం సభ్యురాలి ప్రసంగ పాఠం)



ఈసారి క్యాంటీన్లకు, టిఫిన్ సెంటర్లకు లోన్ అడిగిన సంఘాలు చాలా ఉన్నాయి. సామాన్ల లిస్టుల్లో వార్మర్ లైటు ఎక్కువగా కనబడుతోంది. అందుకే నన్ను దాని గురించి మాట్లాడమన్నారు.

పెళ్లి బఫేలో వడల ట్రే మీద వేలాడే ఎర్ర లైటు మీరంతా చూసే ఉంటారు. చలికాలం పొద్దున ఎండలో నిలబడితే గాలి చల్లగానే ఉంటుంది, వీపు మాత్రం వెచ్చబడుతుంది కదా. ఎండ వేడి గాలిని కాచకుండా నేరుగా మన ఒంటికే తగులుతుంది. ఈ లైటు పని కూడా అంతే. ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు, అంటే కంటికి కనబడని వేడి కిరణాలు, నేరుగా తిండి మీద పడతాయి. కోళ్లు పెంచే అక్కలకు ఇది కొత్త కాదు, పిల్లల బ్రూడర్‌లో వేలాడదీసే బల్బుదీ ఇదే జాతి. అట్లాగని షెడ్డులో బల్బు తెచ్చి వడల మీద పెట్టకండి! వేడి గాజు మీద నీటి చుక్క పడితే పగలవచ్చు. తిండి మీద వాడేది పగిలినా ముక్కలు రాలకుండా పూత వేసినదై ఉండాలి. హోల్డరు పింగాణీది కావాలి, ప్లాస్టిక్‌ది కరుగుతుంది. ఇంకో మాట, ఎర్రగా వెలిగే ఎల్‌ఈడీ అంటగడితే తీసుకోవద్దు. రంగు వస్తుంది గానీ వేడి రాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ కిరణాలు తిండిలో లోతుకు దిగవు, పైపొరలోనే ఆగిపోతాయి. బజ్జీలు, పునుగులు, సమోసాలు పలచగా పరిస్తే సరిపోతుంది. మూత ఉండదు కాబట్టి ఆవిరి పోయి కరకర నిలుస్తుంది. అవే హాట్‌బాక్సులో పెడితే ఆవిరికి మెత్తబడిపోతాయి. కానీ అన్నం గుట్టగా పోసి పైన లైటు పెడితే? పైన మెతుకు ఎండి గట్టిపడుతుంది, కింద అన్నం చల్లారిపోతుంది. పప్పు, సాంబారూ అంతే, పైన తొరక కడుతుంది. వీటికి వేడినీళ్ల మీద గిన్నెలు పెట్టే కౌంటరే మేలు. దుకాణంలో బేన్‌మేరీ అంటారు.

చల్లారితే ఏమవుతుందిలే అనుకోవద్దు. వండిన తిండి వడ్డించేదాకా 60 డిగ్రీల పైనే ఉండాలని, బయట రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బియ్యంలో ఉండే ఒక రకం క్రిమి బీజాలు ఉడికించినా చావవు. గోరువెచ్చని అన్నంలో అవి లేచి విషం తయారుచేస్తాయి. వాంతులు పుట్టించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అన్నం వాసన కూడా మారకపోవచ్చు. మన చేతి భోజనం తిని నలుగురు పిల్లలు వాంతులు చేసుకుంటే ఆ క్యాంటీన్‌కు మళ్లీ ఎవరు వస్తారు? కిస్తీ మాత్రం పదిమందీ కట్టాల్సిందే. లైటు కన్నా ముందు తిండిలో గుచ్చి చూసే థర్మామీటరు కొనమని నేను అంటున్నది అందుకే. అమ్మేవాళ్లు దాని ఊసే ఎత్తరు.

ఈ లైటు వండదు, చల్లారినదాన్ని మళ్లీ పొగలు వచ్చేట్టు కాచదు. వేడిగా పెట్టినదాని వేడిని కాసేపు నిలుపుతుంది, అంతే. ఎంతసేపు ఉంచినా బాగుంటుందని కాదు, గంట దాటితే వడ బిరుసెక్కుతుంది. గిరాకీ చూసి వాయి చిన్నగా తీయడమే మంచిది. కిందికి దించితే వేడి పెరుగుతుంది, పైకి లేపితే తగ్గుతుంది. మూల వడలు చల్లబడుతున్నాయేమో థర్మామీటరుతో చూసుకోండి.

కరెంటు లెక్క కూడా చూద్దాం. 250 వాట్ల బల్బు నాలుగు గంటలు వెలిగితే ఒక యూనిట్. రెండు బల్బులు రోజూ ఆరు గంటలైతే మూడు యూనిట్లు, నెలకు 90. సాయంత్రం బజ్జీలకు గిరాకీ ఉన్నచోట ఇది గిట్టుబాటే. మధ్యాహ్నం భోజనం ఒక్కటే పెట్టే సంఘానికి దండగ, ఆ డబ్బు బేన్‌మేరీకి పెట్టుకోవచ్చు.

లిస్టు మార్చుకోవాలనుకునే సంఘాలు భోజనాల తర్వాత నా దగ్గరికి రండి, కలిసి రాసుకుందాం. థర్మామీటరు తెచ్చాను, ఇవాళ్టి సాంబారులోనే గుచ్చి చూపిస్తా.