ఒక వారపు లెక్క
(వార్షిక మహాసభలో చదివిన యుపన్యాసము)



ఈ సభయందు విద్యాభివృద్ధినిగూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ముప్పదియైదేండ్లు నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల పాఠశాలలలో తెలుగు చెప్పిన మాకు ఆ విషయము సులభమైనది. అందుచేతనే దానిని విడిచితిమి. దానిని మీరు ప్రతి సంవత్సరము వినుచునే యున్నారు. నేడు మా యింట గడచిన యొక సామాన్యమైన వారమును మీ యెదుట నుంచెదము. అందు ఘనకార్యము లేవియు లేవు. ఒక చిన్న యోటమి మాత్రము కలదు, అది మాది.

మాది గద్వాల. మా తండ్రిగారు గుంటమగ్గముమీద నేసి మమ్ము చదివించిరి. ఆయన మగ్గము తమ్మునికి వచ్చినది; మాకు సంస్కృతము వచ్చినది. ఉద్యోగము దొరకిన యేడు మా వంతు గదిలోని మగ్గపుగుంటను పూడ్పించి బండలు పఱపించితిమి. ఆనాడు దానినే అభివృద్ధి యనుకొంటిమి. కుమార్తెను వనపర్తిలో నిచ్చితిమి. కుమారుడు నాగర్‌కర్నూలులో నుద్యోగి. 2016 అక్టోబరు 11వ తేదీన ఈ మూడూళ్ళును మూడు జిల్లాలకు ముఖ్యపట్టణము లగుటచే, పాలమూరు జిల్లాలో నొక్కటిగా నుండిన మా కుటుంబము ఇల్లు కదలకయే మూడు జిల్లాల కుటుంబమైనది.

మా దినచర్య పెద్దది కాదు. ఉదయము ఇద్దరు బాలురు శబ్దములు వల్లించుటకు వత్తురు. పిదప పత్రికాపఠనము. సాయంకాలము కోటలోని చెన్నకేశవస్వామి గుడివఱకు నడక. గురువారము వనపర్తి పోయి కుమార్తెను చూచి వచ్చితిమి. శనివారము రాత్రి కుమారుడు పిల్లలతో వచ్చెను. ఆదివారము భోజనానంతరము మనుమరాలిని ప్రక్కన గూర్చుండబెట్టుకొని గళ్ళ నుడికట్టు పూరించుట మాకు వాడుక.

ఈ వేడుక పాశ్చాత్యులదని కొందఱు తేలికగా జూతురు. పుట్టుక పరదేశమున నైనమాట నిజమే. 1913 డిసెంబరు 21వ తేదీన న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ అనునాతడు దానిని ప్రకటించెను. తెలుగున శ్రీశ్రీ ‘పదబంధ ప్రహేళిక’ యను పేరను, ఆరుద్ర ‘గళ్ళ నుడికట్టు’ అను పేరను దానికి రుచి కల్పించిరి. అయినను ప్రహేళిక మనకు క్రొత్తది గాదు. దండి తన కావ్యాదర్శమున మూడవ పరిచ్ఛేదమునందు 16 విధములైన ప్రహేళికలను వివరించెను. గడి నింపుటలో మాత్రము భేదమున్నది. ఆంగ్లమున గడి కొక వర్ణము; మనకు గడి కొక యక్షరము. ‘స్త్రీ’ యను మాటలో నెన్ని వర్ణములున్నను ఒక్క గడిలో నిముడును.

ఆ యాదివారము వచ్చిన యాధార మిది: ‘నూలు దూరెడు వ్యాకరణము’, గడులు రెండు. మేము చిఱునవ్వుతో ‘సూత్రం’ అని వ్రాసితిమి. సూత్రమనగా దారము, పాణిని వ్యాకరణమంతయు సూత్రములే. ఇంతకంటె సరసమైన సమాధాన ముండునా యని మనుమరాలికి పాణినినిగూర్చి పావుగంట చెప్పితిమి. కాని నిలువు పదము లేవియు కుదురలేదు. పత్రికలో తప్పు పడియుండునని తీర్మానించితిమి.

అప్పుడు గోడప్రక్కన రాట్నముమీద కండెలు చుట్టుచున్న మా గృహిణి తల యెత్తకయే, “దారము దారముల ఎట్ల దూరుతది? అచ్చుల దూరుతది గాని” అనెను.

అచ్చు! మగ్గముమీద పడుగుపోగులు దూరునది అచ్చు. వ్యాకరణమున స్వరము అచ్చు. ఆ రెండక్షరములు వ్రాయగానే నిలువు పదములన్నియు దారికి వచ్చినవి. ‘అచ్’ అను ప్రత్యాహారమును ఏటేట పిల్లలకు బోధించిన మేము, మా తండ్రిగారి మగ్గపుటచ్చును మఱచితిమి. ఆమెకు చదువు లేదు. పాణిని పేరైన నెఱుగదు. ఆధారములో మాకు తెలిసినది సగము. రెండవ సగము ఆమె చేతిలో నున్నది.

వాత్స్యాయనుడు చెప్పిన చతుష్షష్టి కళల పట్టికను మేము బాల్యమున కంఠస్థము చేసితిమి. అందు ప్రహేళికకు కొంచెము ముందే కుట్టు నేతలను దెలుపు సూచీవానకర్మయు, సూత్రక్రీడయు నున్నవి. ప్రహేళిక పండితులదనియు, నేత పామరులదనియు ఆ పట్టిక చెప్పలేదు. చెప్పినవారము మేమే.

అంతటితో నైనచో ఇది నవ్వుకొని మఱచు సంగతి. కాని మనుమరాలు “అచ్చంటే ఏంది నాయనమ్మా?” అని యడుగగా, ఆమె దానిని మా తమ్ముని మగ్గమువద్దకు గొనిపోయి చూపెను. గద్వాల చీర మీ రెఱిగినదే: నూలు నడుము, పట్టు అంచు. కుప్పడపు నేతలో ఆ రెండును అతికినట్లు గాక ఒకటిగా నుండవలెనన్న, మూడు నాడెలతో నేయుచు, పేక వేసినప్పుడెల్ల నడుమునూలును అంచుపట్టును ఒకదానితో నొకటి మెలివేయవలెను. నాడెలు మూడైనచో కండెలును అందుకు దగినట్లు కావలెను. వాని నన్నిటిని చుట్టువారు స్త్రీలు. బాల అదంతయు జూచి తిరిగివచ్చి మమ్మడిగినది: “తాతా, నాయనమ్మ ఎన్ని గంటలు చుట్టుతది? పైసలెవరిస్తరు?”

మావద్ద సమాధానము లేకపోయెను. మఱునాటినుండి వారముదినములు గడియారము చూచి లెక్క వ్రాసితిమి. మా యింటియామె దినమునకు 4 గంటలు, తమ్ముని భార్య 5 గంటలు. ఆదివారము మాకు సెలవు, వారికి లేదు. కావున వారమునకు 63 గంటలు. మా తమ్ముని కూలిపుస్తకమున చీర కింతయని యొక్కటే యంకె కలదు. ఆ 63 గంటలకు పంక్తి లేదు. ఈ లెక్కను మగ్గము మాని హైదరాబాదునకు బోయిన తమ్ముని కుమారునికి ఫోనులో చదివి వినిపించితిమి. “ముగ్గురము పని చేస్తె ఒక్కరి కూలి వస్తదనే నేను మగ్గము దిగిన, పెద్దనాయనా” అనెను. యువకులు కులవృత్తిని విడుచుచున్నారని ఏటేట ఈ వేదికమీదనే విలపించితిమి. కారణము మా గోడప్రక్కన రాట్నము త్రిప్పుచుండగా మేము చూడలేదు.

పోషకులలో చీరలు నేయించు షావుకార్లు కలరు. వారిని నిందించుట మా యుద్దేశము గాదు. ఇంటిలోనుండి చూడని మేము, వెలుపలనుండి చూడలేదని వారినెట్లు తప్పుపట్టుదుము? మా విన్నపములు మూడు.

మొదటిది: చీర కూలిని నిర్ణయించునప్పుడు కండెలు చుట్టుటకు, అచ్చు అతుకుటకు వేఱుగా నొక పంక్తి వ్రాసి, చేసినవారి పేరట చెల్లింపుడు. రెండవది: మూడూళ్ళలోను వృద్ధస్త్రీల నడిగి నేతమాటలను వ్రాయించి, వచ్చు సంచికలో అచ్చొత్తింపుడు. వ్రాయుపని మేము చేసెదము; చెప్పవలసినవారు వారు. మూడవది: సంఘభవనమున ఆదివార మొక గంట పిల్లలును ముదుసళ్ళును కలిసి కూర్చుండునట్లు చేయుడు. గళ్ళ నుడికట్టు కాకున్న పొడుపుకథ యైన మేలే. ఏ ప్రయోజనమును లేని ఆ గంటలోనే మా కీ ప్రశ్న దొరకినది.

మన యూరికి విద్వద్గద్వాల యని పేరు. సంస్థానకాలమున సత్కారములందిన కవుల పేర్లు గ్రంథములలో నిలిచినవి. నేసినవారి పేర్లు నిలువలేదు. చుట్టినవారి మాట చెప్పనేల?

తరువాతి యాదివారము మనుమరాలు తానే గళ్ళు గీచి, నాయనమ్మ చెప్పిన పదునొకండు మగ్గపుమాటలతో నొక నుడికట్టు కూర్చి మా చేతి కిచ్చినది. మేము ఆఱు పూరించితిమి. మిగిలిన యైదింటిని ఆమెవద్ద కూర్చుండి నేర్చుకొనుచున్నాము.